పాత కొలత

"ఇంకో రెండంగుళాలు లోపలికి పట్టేశా," అంటూ దర్జీపని చేసే ఇల్లాలు మొగుడి ప్యాంటు ఆయన ఒళ్లో పడేసింది. "తిండి తగ్గించి పొద్దున్నే నడవమని చెవినిల్లు కట్టుకుని పోరితే ఇన్నాళ్లకి విన్నారు!"

ఆ సంబరంతోనే, ఎంత తగ్గారో చూడమంటూ ఆయన్ని డాక్టరుకి చూపించింది.

"రోజూ ఎంత దూరం నడుస్తారు?" అని ఆయన్ని అడిగాడు డాక్టరు.

"నడవట్లేదండీ. ఓపిక లేక, సందు చివర బెంచీ మీద కూర్చుని వస్తున్నా. తిండీ నేను తగ్గించలేదు, సయించట్లేదు. ప్యాంటు బిగించినప్పుడల్లా ఇది మురిసిపోతుంటే చెప్పలేకపోయా."

పరీక్షలన్నీ అయ్యాక, "ఆలస్యమైందమ్మా," అన్నాడు డాక్టరు.

ఇంటికి రాగానే ఆమె మిషను ముందు కూర్చుంది. తను పట్టిన కుట్లన్నీ విప్పి, ప్యాంటును పాత కొలతకి తెచ్చింది.

"తొడుక్కోండి," అంది.

ఆయన తొడుక్కున్నాడు. అది జారిపోకుండా నడుం దగ్గర రెండు చేతులా పట్టుకుని, ఆమె అలాగే నిలబడిపోయింది.