జర మజాకుల మనిషి

"పిల్లగాడు మంచోడే గని, జర మజాకుల మనిషట."

గోడ మీది నుంచి పక్కింటి నీలమ్మ చెప్పిపోయిన ముచ్చటను జంగమ్మ మగని చెవిలో వేసింది. ఆ మధ్యాహ్నమే తమ ఊరు కనకమామిడికి పిల్లగానివాళ్లు వస్తున్నారు. మాట ఖాయం చేసుకునే రోజు.

"మజాకుల మనిషైతే మంచిదే గదా. నవ్వుకుంట ఉంటడు," అన్నాడు శంకరయ్య, వాకిట్లో కుర్చీలు వేస్తూ.

"పూర్తిగ ఇను. పోయిన శుక్రారం మన సింధుజ మొయినాబాద్ దవాఖాన ముంగట ఏడ్చుకుంట ఉరుకుతుంటే నీలమ్మ కొడుకు చూసిండట. కాళ్లకు చెప్పులు గూడ లేవట. నిన్ను లారీ గుద్దిందని ఫోనొచ్చిందట పిల్లకు. చేసింది గా పిల్లగాడేనట, గొంతు మార్చి."

శంకరయ్య చేతిలోని కుర్చీ గాల్లోనే ఆగింది. లోపలికి పోయాడు. సింధుజ అద్దం ముందు జడ వేసుకుంటున్నది.

"నిజమా బిడ్డా?"

"నిజమే బాపు. నేను దవాఖాన మొత్తం తిరిగినంక మళ్ల ఫోన్ చేసి పడిపడి నవ్విండు. ఏప్రిల్ ఫూల్ అన్నడు. గిది ఏప్రిల్ గూడ కాదు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఊరంత చెప్పుకుంటివి గద, కొండకల్ ఫ్యాక్టరీల కొలువు చేసే అల్లుడు దొరికిండని."

శంకరయ్య బయటికి వచ్చాడు. గేటు దాకా పోయి వచ్చాడు. మోటరు వేశాడు, బంద్ చేశాడు. మళ్లీ గేటు దాకా పోయాడు. పూలతోటలో పని ఏమీ లేకున్నా పోయి నిలబడి వచ్చాడు. అంతలో కారు హారన్ మోగింది.

ముగ్గురు దిగారు. పిల్లగాడు జ్ఞానేశ్వర్, తండ్రి రామచంద్రయ్య, తల్లి బాలమణి. జ్ఞానేశ్వర్ కొత్త కారు తాళంచెవిని వేలికి గిర్రున తిప్పి, అందరికీ కనబడేటట్టు స్టూలు మీద పెట్టాడు. మగవాళ్లు కూర్చున్నారు. బాలమణి మాత్రం కుర్చీని చేత్తో తడిమి, వెనక్కి తిరిగి ఎవరన్నా ఉన్నారేమో చూసుకొని, అప్పుడు మెల్లగా కూర్చున్నది.

దుమ్మున్నదేమోనని చూస్తున్నది అనుకున్నాడు శంకరయ్య. "ఇప్పుడే తుడిచిన చెల్లె," అన్నాడు.

చాయ తాగుతుంటే శంకరయ్య కడుపులో ముచ్చట ఆగలేదు. "అల్లుడు ఫోన్ల మా పిల్లను జర భయపెట్టిండట..."

రామచంద్రయ్య తొడ చరిచి నవ్వాడు. "చెప్పిండు బావా! నవ్వలేక సచ్చినం. మావోడు చిన్నప్పటి సంది చిలిపోడు. అంత నా పోలికే. మొన్న దసరాకు ఏం చేసిన్నో ఎరుకేనా? ఈమె కూసుంటుంటే కుర్చీ వెనక్కి గుంజిన. దబ్బున పడ్డది! పదిదినాలు నడుము పట్టుకొనే తిరిగింది."

జ్ఞానేశ్వర్ కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "మజాక్, పరాష్కం లేని ఇల్లు ఇల్లేనా మామా? మీ పిల్లకు గూడ జర హుషారు నేర్పుతం."

బాలమణి ముందుకు వంగి, తాగిన కప్పును స్టూలు మీద పెట్టి, కొంగు సర్దుకున్నది.

శంకరయ్య కూడా నవ్వాడు. నవ్వు పెదవుల దగ్గరే ఆగింది. లగ్గమైతే వాడే సర్దుకుంటాడులే, నెల తిరిగితే జీతం వచ్చే కొలువు, కాదంటే మళ్లీ ఎవరొస్తారు అని తనకు తానే చెప్పుకున్నాడు. జంగమ్మ తాంబూలం పళ్లెం తెచ్చి నడుమ పెట్టింది.

"రాహుకాలం రాకముందే కానిద్దాం. పూలు, పండ్లు కార్లనే ఉన్నయి. తేపో," అన్నాడు రామచంద్రయ్య కొడుకుతో.

జ్ఞానేశ్వర్ స్టూలు వైపు చెయ్యి చాపాడు. తాళంచెవి లేదు.

కప్పులు లేపి చూశాడు. జేబులు తడుముకున్నాడు. కుర్చీల కింద వెతికాడు. తర్వాత కప్పులు తీయడానికి వచ్చిన సింధుజను చూసి నవ్వాడు. "ఓహో, గీడిదాక వచ్చిందా? మంచిగున్నది మజాక్. ఇయ్యి."

"నేను తియ్యలే."

"చాలు, ఇయ్యి."

"తియ్యలే అంటున్న గద!"

ఈసారి నవ్వు లేదు. జ్ఞానేశ్వర్ మొఖం ఎర్రబడింది. కాలితో స్టూలును తన్నాడు. కప్పులు పగిలి వాకిలంతా చెదిరిపోయాయి. "కొత్త కారది, తెలుసా? పెద్దోళ్ల ముంగట గిదేం బత్తమీజ్ పని? బలుపా నీకు?"

"ఏం పెంచిన్రు బావా పిల్లను!" అన్నాడు రామచంద్రయ్య. "ఆడిపిల్లకు గింత తుంటరితనమా?"

పావుగంట కింద చిలిపితనం, హుషారు అని పేరున్న పని ఇంతలోనే బలుపైంది. శంకరయ్యకు అది వినబడింది. విన్నాడు గానీ, సంబంధం చెయ్యి జారిపోతున్నట్టే అనిపించి రెండు చేతులూ జోడించాడు.

"తెలువక చేసింది అల్లుడా. చిన్నపిల్ల. మజాక్ అనుకో."

"బాపు!" అన్నది సింధుజ. శంకరయ్య బిడ్డ వైపు చూడలేదు.

అప్పుడు బాలమణి లేచింది. కొంగు ముడి విప్పింది. తాళంచెవి తాంబూలం పళ్లెంలో ఖంగుమని పడింది.

"పిల్లను అనకున్రి. నేను తీసిన."

జ్ఞానేశ్వర్ నవ్వు తెచ్చుకున్నాడు. "నువ్వు గూడ మజాకులు నేర్చినవా అమ్మా?"

"నాకు మజాకులు రావు కొడుకా," అన్నది బాలమణి. పగిలిన కప్పుల నడుమ నుంచి ఒక్కో అడుగూ చూసుకుంటూ శంకరయ్య ముందుకు వచ్చి నిలబడింది.

"అన్నా, మా ఇంటికి పిల్లనియ్యకు."