చవక తొర్ర

మోడువారిన తాటిచెట్టులో వడ్రంగిపిట్ట తొర్రలు అద్దెకిస్తోందని విని గోరింక వెళ్ళింది. గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. ఇల్లు వెతికి వెతికి అప్పటికే దాని రెక్కలు పడిపోయాయి.

"రోజుకు రెండు పురుగులు. వాన చుక్క లోపలికి రాదు," అంది వడ్రంగిపిట్ట.

గోరింక ఆనందం పట్టలేకపోయింది. చెరువు గట్టున కనిపించిన ప్రతి పిట్టకూ చెప్పింది. "రెండంటే రెండే పురుగులు! మా ఓనరు దేవుడనుకోండి!"

నాలుగు రోజుల్లో తాటిచెట్టు ముందు చిలుకలూ పాలపిట్టలూ బారులు తీరాయి. వడ్రంగిపిట్ట వచ్చి గోరింక గుమ్మంలో వాలింది.

"చిలుక ఐదిస్తానంటోందమ్మా. నువ్వూ ఐదివ్వు, లేదంటే ఖాళీ చెయ్యి."

"నిన్ననే గుడ్లు పెట్టాను కదయ్యా! వాటితో ఎక్కడికి పోను?"

"అది నన్నడిగితే ఎలా?"

పిల్లలు ఎగిరిపోయేదాకా గోరింక తను పస్తులుండి ఐదు పురుగులూ కట్టింది.

మరుసటి ఏడు ముసలి వేపచెట్టులో దానికి ఇంకో తొర్ర దొరికింది. అద్దె రోజుకు ఒక్క పురుగే. చెరువు దగ్గర చిలుక పలకరించింది.

"ఎక్కడుంటున్నావు వదినా? అద్దె ఎంతేమిటి?"

"చాలా దూరంలే. అద్దె సంగతి అడక్కు, నడ్డి విరిగిపోతోంది," అంది గోరింక. చిలుక కనుమరుగయ్యేదాకా అక్కడే ఆగి, అప్పుడు వేపచెట్టు వైపు ఎగిరింది.