రెండు కార్డులు

అయ్యా, నా పేరు కల్సోమ్. నాకు చదువు రాదు, చెప్పి రాయిస్తున్నాను. మీ ఆసుపత్రిలో చనిపోయిన మా అక్క గెక్ హూయి శవాన్ని నాకు ఇప్పించండి.

నిన్న మీ ఆఫీసులో అమ్మాయి మా గుర్తింపు కార్డులు రెండూ పక్కపక్కన పెట్టి, జాతి అన్న చోట వేలు పెట్టి నవ్వింది.

"ఆవిడ చైనీస్, మీరు మలయ్. అక్కాచెల్లెళ్ళు ఎలా అవుతారు పెద్దమ్మా?"

"ఇద్దరం సింగపూర్ వాళ్ళమే కదే! కార్డులు కాదు, ముక్కులు చూడు. రెండూ ఒకే చప్పిడి ముక్కు. ఆడపిల్లలు ఎక్కువయ్యారని మా నాన్న నన్ను పొత్తిళ్ళలోనే మలయ్ ముస్లింలకు ఇచ్చేశాడు."

"కాగితం ఉందా?"

ఇచ్చేసిన పిల్లకు కాగితం ఎవరు రాస్తారయ్యా?

అక్క పెళ్ళి చేసుకోలేదు. యాభై ఏళ్ళు మా పక్క ఫ్లాట్‌లోనే ఉంది. రోజూ తన వంటే నాకు పెట్టేది. ఆ ఇంట్లోకి పంది మాంసం ఏనాడూ రాలేదు. "నాకది పడదులే" అనేది.

పోయిన వారం ఆసుపత్రిలో నర్సు, ఏం తినాలనుందని అడిగింది. అక్క భయంగా నా వంక చూసింది.

"పంది మాంసం గంజి. కోప్పడవు కదా చెల్లీ?"

నేనే కొనితెచ్చాను. నా చేత్తోనే తినిపించాను. చివరి చెంచా దాకా తింది.

దహనం చైనీస్ పద్ధతిలోనే చేయిస్తాను. నా కార్డు మీద మలయ్ అనే ఉండనివ్వండి. కింద వేలిముద్ర వేసింది ఆ గంజి తినిపించిన చెయ్యే. నా దగ్గర వేరే కాగితం లేదు.