ముందుగా దిగేవాడు

ఎరువుల డీలర్ల ఫ్యామిలీ మీట్ అది. కంకిపాడులో ఓ ఏసీ ఫంక్షన్ హాలు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. డీజే బీటు మొదలై పావుగంటయినా ఒక్కరూ కుర్చీ వదల్లేదు.

చక్రికి వాళ్లను చూస్తే ఒళ్లు మండింది. పాటా మాటా లేని ఎలక్ట్రానిక్ మ్యూజిక్ గురించి వీళ్లకేం తెలుసు? యూరియా అమ్ముకునే మొహాలు. కుర్చీలకు అతుక్కుపోయి కిళ్లీలు నములుతున్నారు. ఇలాంటివాళ్ల ముందు తన ఫ్రీస్టైల్ ప్రదర్శించాల్సిన ఖర్మ పట్టింది.

అయినా తప్పదు. ఈ రోజు అతనికి ముఖ్యం. గుణదలలో టైల్స్ షాపు ఉద్యోగానికి ఉదయమే రాజీనామా ఇచ్చి వచ్చాడు. షాపులో వాళ్లు నవ్వారు. టైల్స్ అమ్ముకునేవాళ్లకు కళ విలువ ఏం తెలుస్తుంది? పార్టీలు ఏర్పాటు చేసే అనఘ త్వరలో డ్యాన్సు క్లాసులు మొదలుపెట్టబోతోంది. ఆ మాస్టరు పని తనదే. అడగడమే తరువాయి.

ఫోన్లో వీడియోలు చూసి ఆరు నెలలు గదిలో తలుపేసుకుని నేర్చుకున్నాడు. ఓ స్నేహితుడి పుట్టినరోజున అతను ఆడుతుంటే అనఘ కళ్లార్పకుండా చూసింది. అప్పట్నుంచీ ఆమె చేసే ప్రతి పార్టీలో చక్రి ఉండాల్సిందే. తళతళలాడే చిలకాకుపచ్చ చొక్కా కూడా ఆమే కుట్టించి ఇచ్చింది. ప్రతిభను గుర్తించే మనిషి విజయవాడ మొత్తం మీద ఆవిడొక్కతే అని అతని నమ్మకం.

"ఇక దిగండి చక్రి గారూ," అంది అనఘ. "పోయినసారి చేసినట్టే చేయండి. కొత్తవేం వద్దు."

చక్రి దిగాడు. మోచేతులు విసిరాడు. మోకాళ్లు వణికించాడు. నడుమును ఓ వైపు, తలను ఇంకో వైపు తిప్పి, కళ్లు మూసుకుని గిరగిరా తిరిగాడు.

హాలంతా నోళ్లు తెరుచుకుని చూసింది. ఉయ్యూరు డీలరు వెంకటకృష్ణారావు చొక్కా చేతులు మడిచి లేచాడు. అతని వెనకే ఇంకో నలుగురు. మోకాళ్ల నొప్పుల సంపూర్ణమ్మగారు కూడా "నన్నూ తీసుకుపోవే," అంటూ కోడలి చెయ్యి పట్టుకుంది. పది నిమిషాల్లో ఫ్లోరు మీద కాలు పెట్టే చోటు లేదు.

ఎప్పుడూ ఇంతే. చక్రి కాలు కదిపితే చాలు, పూనకం వచ్చినట్టు లేస్తారు. లేచి ఏం లాభం? ఒకడు చేలో మందు కొడుతున్నట్టు చెయ్యి ఊపుతాడు. ఇంకొకడు నిలబడిన చోటే బొజ్జ కదిలిస్తాడు. అదీ డ్యాన్సే అనుకుంటాడు.

వెంకటకృష్ణారావు ఆయాసపడుతూ వచ్చి అతని భుజం తట్టాడు. "మిమ్మల్ని చూశాకే నాకు ధైర్యం వచ్చిందండీ. లేకపోతే నేనేంటి, డ్యాన్సేంటి."

"ప్రాక్టీసు చేయండి, వస్తుంది," అన్నాడు చక్రి, ఈ జన్మకి రాదని తెలిసీ.

చెమట తుడుచుకుంటూ అనఘ దగ్గరకు వెళ్లాడు.

"క్లాసులు నాకప్పగించండి మేడమ్. ఉద్యోగం కూడా మానేశాను. హైదరాబాద్‌లో పెద్ద మాస్టరు దగ్గర ఓ నెల నేర్చుకుని వచ్చి మొదలుపెడతాను. ఈ మొద్దుల్ని నేనే దారిలో పెట్టాలి."

అనఘ మొహం పాలిపోయింది.

"మీకు దణ్ణం పెడతాను, నేర్చుకోవడం మాత్రం వద్దండీ, మిమ్మల్ని చూసి 'వీడికంటే మనమే నయం' అనుకున్నాకే గదా జనం సిగ్గు విడిచి లేస్తున్నారు."