కళ్ళ కింద వాపు

తమ్ముడు వచ్చేసరికి బావ తన కళ్ళజోళ్ళ షాపులో ఒక పెద్దాయనకు చూపు పరీక్ష చేస్తున్నాడు.

"రా, కూర్చో" అన్నాడు బావ తల తిప్పకుండానే.

తమ్ముడు కూర్చోలేదు. కాలరు పట్టుకుని బావను లేపి, ముఖం మీద ఒక్క గుద్దు గుద్దాడు. లారీలకు బాడీలు కట్టే షెడ్డులో ఇరవై ఏళ్ళుగా సుత్తి పట్టిన చెయ్యి అది. బావ వెళ్ళి అద్దాల బీరువా మీద పడ్డాడు. అద్దం భళ్ళున పగిలింది. ఫ్రేములన్నీ అతని నెత్తిన రాలాయి.

"మా అక్క మీద చెయ్యి చేసుకుంటావా?"

బావ పెదవి చిట్లి రక్తం కారుతోంది. "ఎవరు చెప్పార్రా నీకు?" అన్నాడు.

"ఎవరో చెప్పాలా? నాకు కళ్ళు లేవా?"

రెండో గుద్దుకు దవడ పక్కకు తిరిగింది. బావ బల్ల అంచు పట్టుకుని లేవబోయాడు. తమ్ముడు బల్ల సొరుగు లాగి, బావ కుడి చేతిని అందులోకి తోసి, కాలితో తన్ని మూశాడు. ఎండుపుల్లలు విరిచినట్టు చప్పుడైంది. బావ కేక పెట్టాడు. తమ్ముడు సొరుగు మళ్ళీ లాగాడు. మళ్ళీ తన్నాడు.

వీధిలోవాళ్ళు నలుగురు వచ్చి పట్టుకుంటే గానీ అతను ఆగలేదు. ఒక కంటికి మూత పెట్టించుకుని కూర్చున్న పెద్దాయన, తాను సగం గొడవే చూశానని తర్వాత పోలీసులకు చెప్పాడు.

అదంతా ఆ ఉదయం షెడ్డులో మొదలైంది.

పెళ్ళయిన పదహారేళ్ళలో అక్క షెడ్డుకు రావడం అదే మొదటిసారి. హోటల్లో రిసెప్షన్ పనికి వెళ్తూ దారిలో ఆగానంది. మంచినీళ్ళడిగి తాగింది. ముఖం తుడుచుకోవడానికి నల్ల కళ్ళజోడు తీసింది.

రెండు కళ్ళ కిందా ఉబ్బిపోయి ఉంది. ఎడమవైపు కమిలి నీలం తేలింది.

తమ్ముడు చేతిలోని వెల్డింగు కడ్డీ కింద పెట్టాడు.

"ఏంటక్కా అది?"

"ఏం లేదురా. ముడతలు పోవడానికి ఇంజెక్షన్లు వేయించుకున్నాను. వాచింది."

"నా చెవిలో పువ్వులు పెట్టకు."

"నిజంరా. రోజంతా నలుగురికీ ముఖం చూపించే ఉద్యోగం కదా."

"బావ కొట్టాడా?"

ఆమె కళ్ళజోడు అద్దాలు తుడిచింది. ఒకటి, తర్వాత రెండోది.

"ఇది ఆయన పని కాదురా" అని వెళ్ళిపోయింది.

మొగుణ్ణి వెనకేసుకొచ్చే ఆడవాళ్ళు మెట్ల మీద జారానంటారు, తలుపు తగిలిందంటారు. ఈమె ఇంజెక్షనంటోంది. తమ్ముడికి ఒళ్ళు మండిపోయింది. కొంతసేపు పని చేద్దామని చూశాడు. కుదరలేదు. లేచి షాపుకు బయలుదేరాడు.

సాయంత్రానికి అతను లాకప్పులో ఉన్నాడు. అక్క చర్మం డాక్టరమ్మను వెంటబెట్టుకుని స్టేషనుకు వచ్చింది. డాక్టరమ్మ ఫైలు తెరిచి ఇన్‌స్పెక్టరుకు తేదీ చూపించింది.

"ఇంజెక్షన్లు వేసింది నేనే. కంటి కింద కండ సడలితే కొందరికి అక్కడ నీరు చేరుతుంది. ఆ నీలం సూది గుచ్చిన చోట కమిలింది. కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఇది దెబ్బ కాదు."

తమ్ముడు ఊచలు పట్టుకుని విన్నాడు. విని, తన చేతుల వంక చూసుకున్నాడు. అక్కడే కూలబడి ఏడ్చాడు.

వీధివీధంతా అతన్ని తిట్టింది. నోట్లో నాలుక లేని మనిషిని, చీమకైనా హాని చేయనివాణ్ణి పట్టుకుని అలా కుళ్ళబొడుస్తాడా అన్నారు.

మూడో రోజు అక్క ఆసుపత్రి గది తలుపు వేసుకుని భర్త దగ్గర గంటసేపు కూర్చుంది. ఏం మాట్లాడిందో ఎవరికీ తెలియదు. ఆమె బయటికి వచ్చాక పోలీసులు లోపలికి వెళ్ళారు. దవడకు తీగలు కట్టి ఉండటంతో బావ మాట్లాడలేడు. కేసు వద్దని ఎడమచేత్తో వంకరటింకరగా రాసిచ్చాడు.

"దేవుడయ్యా ఆ మనిషి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తమ్ముడు స్టేషను నుంచి నేరుగా వచ్చి బావ కాళ్ళ మీద పడ్డాడు. "నన్ను చెప్పుతో కొట్టు బావా" అన్నాడు. బావ అతని వైపు చూడలేదు. మంచం పక్కన నిలబడ్డ భార్య వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఎముకల డాక్టరు వచ్చి ఎక్స్‌రే చూపించాడు. కుడిచేతి మూడు వేళ్ళు ఇక పూర్తిగా ముడుచుకోవన్నాడు. పిడికిలి బిగించడం కుదరదన్నాడు.

"ఎప్పటికీనా?" అంది అక్క.

"ఎప్పటికీ అమ్మా."

తమ్ముడు తల గోడకేసి కొట్టుకున్నాడు. అక్క అతని తలకూ గోడకూ మధ్య తన అరచెయ్యి పెట్టింది.

నెల తర్వాత ఆమె ఒక్కతే చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ దీపం దగ్గరికి లాగి, కళ్ళ కింద వేలితో నొక్కి చూసింది. వాపు పూర్తిగా పోయింది.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి" అంది డాక్టరమ్మ. "పోయినేడాది ఇక్కడ వేసినప్పుడూ ఇలాగే వాచింది. ఈ చోట మీకు పడదని అప్పుడే చెప్పాను. వాస్తుందని తెలిసి కూడా, సంతకం పెట్టి మరీ అక్కడే వేయమని ఎందుకు పట్టుబట్టారు?"

అక్క కుర్చీలోంచి లేచి, సంచి భుజానికి తగిలించుకుంది.

"పదహారేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ముఖం మీద కొట్టలేదు డాక్టరుగారూ, అన్నీ బట్టల కిందే."