తాబేలు తవ్వించిన గుంట

ఆ చెరువులో ఏటా జీవులన్నీ తలా ఒక నత్తగుల్ల వేసేవి. ఎవరి ముందు ఎక్కువ గుల్లలు పడితే వాళ్లు చెరువు విడిచిపోవాలి. ఎవరూ రాజై కూర్చోకూడదని ముసలి తాబేలు పెట్టిన కట్టుబాటు అది.

ఆ ఏడాది గుల్లలన్నీ తాబేలు ముందే పడ్డాయి.

"ఎండలొస్తాయంటూ గుంట తవ్వించి తవ్వించి మా నడుములు విరిచావు తాతా!" అన్నాయి కప్పలు.

"నువ్వు కదలకు, వీళ్ల సంగతి నేను చూస్తా," అంది కొంగ.

"నేను కదలకపోతే రేపు నిన్ను కదిలించేదెవరు?" అని తాబేలు అలసిన కాళ్లీడ్చుకుంటూ వెళ్లిపోయింది.

మరుసటి వేసవిలో చెరువంతా ఎండి, ఆ గుంటలోనే నీళ్లు మిగిలాయి. కొంగ దాని ఒడ్డున నిలబడి, "ఇక ఇక్కడ నేనే రాజుని," అంది.

వాదించే ఓపిక కప్పలకు లేదు. ఒక్కొక్కటే వచ్చి కొంగ ముందు గుల్ల పెట్టాయి.

"ఇదేంటర్రా?"

"తాతంతటివాడే వెళ్లిపోయాడు. నువ్వెంత?" అంది ముసలి కప్ప.