చదువురాని బావ

"పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావు బావా!"

టీచర్ వసిటి అలా అనగానే రెండో తరగతి పిల్లలు చాపల మీద పడి దొర్లుతూ నవ్వారు.

వెనక చాప మీద కూర్చున్న పెద్దాయన పుస్తకాన్ని ఎగాదిగా చూసి, "మా దీవిలో పుస్తకాలు ఇలాగే ఉంటాయి మరదలా," అన్నాడు.

ఆయనది ఎదుటి దీవి. పడవ ఇంజను చెడిపోయి నిన్న సాయంత్రం ఈ ఊరి ఒడ్డుకు చేరాడు. రాజధాని సువా నుంచి సామాను వస్తేగాని కదిలే దారి లేదు. ఊరివాళ్ళు ఉడికించిన కర్రపెండలం, కొబ్బరిపాల చేపల పులుసు పెట్టి పడుకోబెట్టారు. పొద్దున్నే ఏమీ తోచక బడికి వచ్చాడు.

ఎదుటి దీవికీ ఈ ఊరికీ తాతల నాటి నుంచి బావల వరస. ఎదురుపడితే ఆట పట్టించాల్సిందే. పండుముసలి అయినా, పాలుతాగే పిల్ల అయినా వరస వరసే. అన్న మాటను కాదనకూడదు, అంతకు రెట్టింపు తిప్పికొట్టాలి. మొహం ముడుచుకున్నవాడు ఓడిపోయినట్టు!

అందుకే ఆయన గుమ్మంలో కనబడగానే వసిటి అందుకుంది.

"పీతలు తినే దీవి నుంచి వచ్చావా? అక్షరం ముక్కయినా వచ్చా?"

"మాకెక్కడొస్తుంది? నువ్వే నేర్పు."

"మరి అక్కడేం పని చేస్తుంటావు?"

"పీతలకు తిన్నగా నడవడం నేర్పుతుంటాను."

ఇంక పేరు ఎవరడుగుతారు? పిల్లలకు కూడా ఆయన బావే అయిపోయాడు.

వసిటి పైకి నవ్వుతోందేగాని, లోపల ఆమె బెంగ వేరే. అదంతా బావ పక్కన ముడుచుకుని కూర్చున్న ఉలమిల గురించి.

ఉలమిల కిందటేడు క్లాసులో ఒక్క మాట తప్పు చదివింది. అందరూ నవ్వారు. ఆ రోజు మూసుకున్న నోరు బడిలో మళ్ళీ తెరుచుకోలేదు. చదువుల పండగ దగ్గరపడుతోంది. అమ్మానాన్నల ముందు, ఇన్‌స్పెక్టరమ్మ ముందు ప్రతి బిడ్డా నిలబడి చదవాలి. చదవకపోతే మళ్ళీ ఇదే తరగతి. బంగారం లాంటి పిల్ల, ఉత్తపుణ్యానికి వెనకబడిపోతుందే అని వసిటికి తిండి సయించడం లేదు.

బావ పేజీ తిప్పాడు. పంది బొమ్మ. దాని కింద అక్షరాల మీద వేలు పెట్టి, గొంతెత్తి చదివాడు.

"కుక్క!"

క్లాసంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు.

"కుక్క కాదా? అయితే పిల్లి."

మళ్ళీ నవ్వులు. ఉలమిల పెదాలు కదిలాయి.

"పిల్లీ కాదూ? మేక అయ్యుంటుంది."

"పంది!" అని అరిచింది ఉలమిల.

వసిటి చేతిలో సుద్దముక్క జారి కిందపడింది.

"పందా? నీకెలా తెలుసు?" అన్నాడు బావ.

"ఇదిగో, ఇక్కడ రాసుంది. కళ్ళు కనబడట్లేదా బావా?"

అంతే, ఆ రోజు నుంచి ఉలమిలకు ఊపిరి సలపని పని. బడి గంట కొట్టకముందే వచ్చి బావను కూర్చోబెట్టేది.

"నిన్న చెప్పింది నిన్ననే మర్చిపోయావా? అది బుర్రా, కొబ్బరిచిప్పా?"

"కొబ్బరిచిప్పే టీచర్," అనేవాడు చేతులు కట్టుకుని.

ఒకసారి తనే తప్పు చదివింది. వసిటి గబగబా అటు అడుగేసింది. ఉలమిల మాత్రం పకపకా నవ్వేసి, "అయ్యో, నేనూ నీలాగే చదివేశాను బావా!" అని దిద్దుకుంది.

చదువుల పండగనాటికి ఇంజను బాగైంది.

"పండగ చూసి వెళ్ళు బావా," అంది వసిటి.

"పోటు తగ్గితే పడవ పగడపు దిబ్బ దాటదు మరదలా."

"ఇన్నాళ్ళున్నా ఒక్క ముక్క రాలేదే నీకు! మీ దీవిలో మా బడి పేరు చెప్పకు, పరువు పోతుంది."

"ఏం చెయ్యను? టీచరు మంచిదే, నా బుర్రే మొద్దు," అంటూ ఉలమిల తల నిమిరాడు.

"పంది గుర్తుందా?" అని అడిగింది ఉలమిల.

"కుక్క కదూ?"

"బావా!"

నవ్వుతూ పడవెక్కాడు.

కాసేపటికి ఇన్‌స్పెక్టరమ్మ లోసలిని సువా నుంచి దిగింది. పుట్టింది ఎదుటి దీవిలోనే. ఇంకేం, ఆడవాళ్ళంతా "పీతమ్మ వచ్చింది, దారివ్వండి!" అంటూ పూలదండ వేశారు.

ఉలమిల వంతు వచ్చింది. నిలబడింది. రెండో వాక్యంలోనే తడబడి తప్పు చదివింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఉలమిల కూడా కిసుక్కున నవ్వి, ఆ మాట సరిగ్గా చదివి, ఖంగుమనే గొంతుతో ఆఖరిదాకా వెళ్ళింది.

చప్పట్లతో బడి దద్దరిల్లింది. వాళ్ళమ్మ ఏడుస్తోంది, వసిటీ ఏడుస్తోంది.

"ఎంత బాగా చదివావు తల్లీ! ఎవరు నేర్పారు నీకు?" అంది లోసలిని.

"నాకెవరూ నేర్పలేదు. నేనే బావకు నేర్పాను."

వసిటి కళ్ళు తుడుచుకుని నవ్వింది. "మీ దీవి మొద్దే ఒకడు వచ్చి పడ్డాడులెండి. ఇందాకే వెళ్ళిపోయాడు. మనిషి మంచివాడేగాని, అక్షరం ముక్క రాదు."

లోసలిని నవ్వు ఆగిపోయింది.

"పుస్తకం తలకిందులుగా పట్టుకునేవాడా?"

"ఔను."

"పందిని చూసి కుక్క అనేవాడా?"

"మీకెలా తెలుసు?"

లోసలిని గబగబా కిటికీ దగ్గరకు వెళ్ళింది. పడవ అప్పటికే దిబ్బ దాటేసింది. నిండిన కళ్ళతోనే నవ్వుతూ ఉలమిలను దగ్గరకు తీసుకుంది.

"ఆయనకు నీకంటే ముందు నేర్పింది నేనమ్మా. రెండో తరగతిలో, నేనూ నీలాగే నోరు విప్పని రోజుల్లో. అప్పుడాయన మా బడి హెడ్మాస్టరు."